ఏడు రోజుల్లో మలేషియా, సింగపూర్ రెండూ: అత్తమామలతో, పిల్లలతో అవుతుందా?

ప్రశ్న: నమస్తే అండి. మాది గుంటూరు, బ్రాడీపేట. వచ్చే మే నెలలో మలేషియా, సింగపూర్ వెళ్దామనుకుంటున్నాం. నేను, మావారు, పాపకి 13, బాబుకి 5, అత్తయ్యగారు, మావయ్యగారు, మొత్తం ఆరుగురం. మావారికి దొరికే టైమ్ ఏడు రోజులే. ట్రావెల్స్ అతను ఇచ్చిన కాగితంలో కౌలాలంపూర్, గెంటింగ్, లంకావి, సింగపూర్, యూనివర్సల్, నైట్ సఫారీ అన్నీ ఉన్నాయి. ఒక రోజు చూడండి: పొద్దున బటు కేవ్స్, సిటీ టూర్, మధ్యాహ్నం కోచ్ లో సింగపూర్, రాత్రికి గార్డెన్స్ బై ద బే లైట్ షో. మావారేమో ఇంత డబ్బు పెట్టి వెళ్తున్నాం, మళ్లీ మళ్లీ వెళ్లలేం, ఏదీ వదలొద్దు అంటున్నారు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, పూర్తి వెజ్, ఎక్కడ పడితే అక్కడ తినరు. "నేను రూమ్ లో ఉంటాలే, మీరు తిరిగి రండి" అంటున్నారు. ఆవిణ్ణి అక్కడిదాకా తీసుకెళ్లి గదిలో కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. ఈ ప్లాన్ అవుతుందా, ఏం తీసెయ్యాలి, ఈయనకెలా చెప్పాలి?

సమాధానం:

అమ్మా, ట్రిప్ అవుతుంది, రెండు దేశాలూ చూడొచ్చు, కానీ ఆ కాగితంలో ఉన్నట్టు మాత్రం అవ్వదు. లంకావి తీసెయ్యండి. నైట్ సఫారీ కూడా తీసెయ్యండి. ఎందుకో చెప్తాను, చదివాక మీవారికి కూడా చూపించండి, ఎందుకంటే ఆయన అడిగేది తప్పేం కాదు, అంత ఖర్చు పెడుతున్న మనిషికి అన్నీ చూడాలనే ఉంటుంది, కాకపోతే ఆయన చేతిలో ఏడు రోజులు ఉన్నాయనుకుంటున్నారు, అక్కడే వస్తోంది తేడా అంతా.

లెక్క చూద్దాం. మొదటి రోజు గుంటూరు నుంచి బయల్దేరాలి. హైదరాబాద్ అయితే శంషాబాద్ దాకా కారులో ఐదారు గంటలు, చెన్నై అయితే విజయవాడ నుంచి ట్రైన్ లో ఆరున్నర, ఏడు గంటలు, ఆ తర్వాత ఎయిర్‌పోర్టులో మూడు గంటల ముందు ఉండాలి, అంటే ఆ రోజు ఇక్కడే అయిపోయింది. రాత్రి ఫ్లైట్ ఎక్కితే నాలుగు గంటల ప్రయాణం, పైగా అక్కడి టైమ్ మనకంటే రెండున్నర గంటలు ముందు, కాబట్టి మీకు తెల్లవారుజామున మూడున్నర అనిపించేటప్పుడు అక్కడ ఆరు అవుతుంది, ఐదేళ్ల బాబు సరిగ్గా నిద్రపోయుండడు, హోటల్ వాళ్లేమో మధ్యాహ్నం రెండింటికో మూడింటికో గాని రూమ్ ఇవ్వరు. సో రెండో రోజు సగమే. మలేషియా నుంచి సింగపూర్ మారే రోజు ఇంకో సగం. ఏడో రోజు వెనక్కి రావడం. మిగిలింది మూడు పూర్తి రోజులు, రెండు అరపూటలు. ట్రావెల్స్ కాగితంలో ఉన్నవన్నీ ఆ మూడు రోజుల్లో పెట్టి చూడమనండి మీవారిని, ఆయనకే అర్థమవుతుంది.

ఒక మాట అడగండి ఆయన్ని, ఈ ఏడు రోజుల్లో శని ఆదివారాలు కలిపారా లేదా అని. ఆఫీసులో ఐదు రోజుల సెలవు పెట్టి ముందు వెనకా వీకెండ్స్ కలుపుకుంటే తొమ్మిది రోజులు వస్తాయి, చాలామంది ఇది చూసుకోకుండానే ప్యాకేజీ కొనేస్తారు. తొమ్మిది వచ్చినా సరే లంకావి మాత్రం వద్దు, అది దీవి, మళ్లీ రెండు ఫ్లైట్లు, రెండుసార్లు సామాను సర్దడం. ఆ రోజులు వస్తే కౌలాలంపూర్ నుంచి మలక్కా వెళ్లి రండి, రోడ్డు మీద రెండు గంటలే, పోర్చుగీసు వాళ్లు, డచ్చి వాళ్లు ఏలిన పాత రేవు పట్నం, 2008లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది, నది ఒడ్డున పెద్దవాళ్లు కూడా మెల్లగా నడవొచ్చు.

ఇక మీరు రాసిన ఆ ఒక్క రోజు ఉంది చూశారా, బటు కేవ్స్ నుంచి లైట్ షో దాకా, దాన్ని గంటల్లో రాసి చూద్దాం. ఎనిమిదింటికి టిఫిన్ చేసి రూమ్ ఖాళీ చేస్తే బటు కేవ్స్ చేరేసరికి తొమ్మిది. మెట్లెక్కి దిగేసరికి పదిన్నర. ట్విన్ టవర్స్ దగ్గర ఫొటోలు, అక్కడా ఇక్కడా ఆగడం, భోజనం, ఒంటిగంట. బస్సు ఎక్కేది రెండింటికి అనుకుందాం. కౌలాలంపూర్ నుంచి సింగపూర్ దాదాపు 350 కిలోమీటర్లు, మామూలుగా ఐదారు గంటలు, మధ్యలో బోర్డర్. బోర్డర్ లో ఎలా ఉంటుందంటే మలేషియా వైపు అందరూ బస్సు దిగాలి, లైన్ లో నిలబడి పాస్‌పోర్ట్ చూపించి మళ్లీ ఎక్కాలి, జలసంధి మీద కట్టిన కిలోమీటరు పొడవు కాజ్‌వే దాటగానే సింగపూర్ వైపు మళ్లీ దిగాలి, ఈసారి సూట్‌కేసులన్నీ కిందికి దించుకుని, ఎస్కలేటర్ల మీద తోసుకుంటూ ఇమిగ్రేషన్ దాటి, స్కానింగ్ లో పెట్టి, అవతల మన బస్సు ఎక్కడ ఆగిందో వెతుక్కుని ఎక్కాలి. శుక్రవారం సాయంత్రం, ఆదివారం అయితే ఆ లైన్లు చూస్తేనే నీరసం వస్తుంది. ఏ ఇబ్బందీ లేకపోతే రాత్రి ఎనిమిదికి సింగపూర్, హోటల్ కి తొమ్మిది. గార్డెన్స్ లో సూపర్ ట్రీల (చెట్ల ఆకారంలో కట్టిన పెద్ద టవర్ల) లైట్ షో రోజూ 7:45కి ఒకటి, 8:45కి ఒకటి. రెండూ అయిపోయుంటాయి. అంటే ఆ కాగితం ప్రకారం ఏ పొరపాటూ జరక్కపోయినా ఆ రోజు పూర్తవ్వదు, అలాంటిదాంట్లో మోకాళ్ల నొప్పులున్న మనిషిని, ఐదేళ్ల పిల్లాణ్ణి పెట్టారు.

నేను చెప్పేదల్లా ఇదే, దేశం మారే రోజుని చూసే రోజు కింద లెక్కెయ్యకండి. అది ప్రయాణం రోజు, సాయంత్రం ఏదైనా దొరికితే అదృష్టం.

బస్సా, ఫ్లైటా అంటే, నిజానికి టైమ్ పెద్ద తేడా ఉండదు. ఫ్లైట్ గాల్లో ఉండేది గంటే, కానీ కౌలాలంపూర్ ఎయిర్‌పోర్ట్ ఊరికి 50 కిలోమీటర్ల పైనే ఉంటుంది, ముందే వెళ్లి కూర్చోవాలి, అటు దిగాక మళ్లీ ఊళ్లోకి రావాలి, అన్నీ కలిపితే అదీ ఐదారు గంటలే. మీరిద్దరూ, పిల్లలూ మాత్రమే అయితే బస్సే చెప్పేదాన్ని, సీట్లు వెడల్పుగా బాగుంటాయి, డబ్బులు కూడా చాలా తక్కువ. కానీ అత్తయ్యగారు ఉన్నారు కాబట్టి ఫ్లైటే తీసుకోండి, టికెట్ బుక్ చేసేటప్పుడే వీల్‌చెయిర్ అడగండి, ఎయిర్‌లైన్ వాళ్లు ఇస్తారు, ఇమిగ్రేషన్ దాకా వాళ్లే తోసుకెళ్తారు. ఆవిడ "నాకెందుకే, నడవగలను" అంటారు. నడవగలరు, నిజమే, కానీ ఎయిర్‌పోర్టుల్లో నడిచిన నడకకి మర్నాడు మోకాళ్లు వాస్తాయి, ఆ మర్నాడే మీ అందరి సరదా పాడవుతుంది, ఈ మాట ఆవిడకి ఇక్కడే, ఇంట్లోనే నెమ్మదిగా చెప్పి ఒప్పించండి.

టికెట్లు ఎలా కొనాలంటే, ముందు కౌలాలంపూర్ లో దిగండి, చివర సింగపూర్ నుంచి ఇంటికి ఎక్కండి. రానూపోనూ ఒకే ఊరికి కొంటే తక్కువలో వస్తుందని చెప్తారు, కానీ అప్పుడు వెనక్కి అదే ఊరికి రావాలి, అక్కడ అరరోజు పోతుంది. ఇంకోటి ఏంటంటే, మలేషియాకి 2023 డిసెంబర్ నుంచి మనవాళ్లకి వీసా లేకుండానే 30 రోజులు ఉండనిస్తున్నారు (అది పొడిగిస్తూ వస్తున్న సడలింపు, టికెట్ కొనే ముందు ఒకసారి చూసుకోండి), సింగపూర్ కి మాత్రం వీసా తప్పదు. సింగపూర్ లో దిగి మలేషియా వెళ్లి మళ్లీ సింగపూర్ వచ్చేటట్టయితే వీసాలో ఎన్నిసార్లు ఎంట్రీ ఇచ్చారో చూసుకోవాలి, ఆరుగురిలో ఒక్కరికి సింగిల్ వచ్చినా తలనొప్పే. నేను చెప్పినట్టు వెళ్తే సింగపూర్ లోకి ఒక్కసారే అడుగు పెడతారు, ఆ బాధ లేదు. గన్నవరం నుంచి సింగపూర్ డైరెక్ట్ ఫ్లైట్ మీ డేట్లకి దొరికితే తిరుగు ప్రయాణానికి పెట్టుకోండి, వచ్చేటప్పుడు ఇంటికి గంటలో చేరే సుఖం ఇంకెక్కడా రాదు.

ఇప్పుడు రోజులు. రెండో రోజు పొద్దున దిగగానే రూమ్ దొరికేట్టు ముందు రాత్రి నుంచే బుక్ చెయ్యండి, ఒక రాత్రి డబ్బు ఎక్కువైనా పర్లేదు, కౌలాలంపూర్ లో హోటళ్లు సింగపూర్ అంత ఖరీదు కాదు. అందరూ స్నానాలు చేసి మధ్యాహ్నం దాకా పడుకోండి. సాయంత్రం ట్విన్ టవర్స్ కింద పార్క్ కి వెళ్లండి, పిల్లలు ఆడుకునే చోటు ఉంది, నీళ్ల ఫౌంటెన్ షో ఉంది, చీకటి పడ్డాక లైట్లలో ఆ టవర్లు కింద నుంచి చూడడమే అందం. 452 మీటర్లు, 88 అంతస్తులు. పైకి ఎక్కాలంటే టైమ్ ప్రకారం టికెట్, సోమవారం మూసేస్తారు, నేనైతే మీకు పైకి అక్కర్లేదంటాను. కూర్చోడానికి చోటుంది, అత్తయ్యగారు, మావయ్యగారు హాయిగా కూర్చుంటారు, చాలు ఆ రోజుకి.

మూడో రోజు వ్యాన్ ఒకటి రోజంతా మాట్లాడుకుని బటు కేవ్స్, గెంటింగ్ రెండూ కలిపి చెయ్యండి, రెండూ ఊరికి ఒకే వైపు. పొద్దున్నే ఏడున్నరకల్లా బటు కేవ్స్ లో ఉండాలి, తర్వాత ఎండ, జనం రెండూ పెరుగుతాయి. అక్కడ సుబ్రహ్మణ్య స్వామి బంగారు రంగు విగ్రహం 42.7 మీటర్లు, 2006లో పెట్టారు, దాని పక్క నుంచి గుహలోకి 272 మెట్లు, నిటారుగా ఉంటాయి. అత్తయ్యగారిని ఎక్కించొద్దు. కానీ ఆవిడకి దర్శనం లేకుండా పోదు, మెట్ల కిందే గుళ్లున్నాయి, ఆంజనేయుడి పెద్ద విగ్రహం ఉంది, రామాయణం బొమ్మలు పెట్టిన గుహ ఉంది. మీవారు, పాప పైకి ఎక్కి రావచ్చు, బాబు సగం దాకా హుషారుగా ఎక్కి ఎత్తుకోమంటాడు, అది ముందే అనుకోండి. కోతులతో జాగ్రత్త, చేతిలో అరటిపండు, కొబ్బరి చిప్ప, కవర్ ఏది కనపడినా లాక్కుంటాయి, కళ్లజోడు కూడా. మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి.

అక్కడ చెవిన తెలుగు పడితే ఆశ్చర్యపోవద్దని అత్తయ్యగారికి చెప్పండి. బ్రిటిష్ వాళ్ల కాలంలో రబ్బరు తోటల్లో పనికి మన జిల్లాల నుంచి వెళ్లినవాళ్ల మనవలు, మునిమనవలు అక్కడ ఉన్నారు, మలేషియా తెలుగు సంఘం కూడా ఉంది, ఉగాది చేసుకుంటారు. తమిళులు చాలా ఎక్కువ, మనవాళ్లు తక్కువ, కానీ "మీది ఏ ఊరండి" అని ఒక్కరు అడిగినా ఆవిడకి ఆ ప్రయాణం ఇంకోలా గుర్తుంటుంది.

అక్కణ్ణుంచి గెంటింగ్ గంటలోపు. కొండ ఆరు వేల అడుగుల ఎత్తు, కేబుల్ కారులో అడవి మీదుగా వెళ్తుంది, దీనికి మోకాళ్లతో పని లేదు, బాబుకి పండగే. పైన చల్లగా ఉంటుంది, మేలో మన గుంటూరు ఎండల నుంచి వెళ్లినవాళ్లకి స్వెటర్ గుర్తుండదు, తప్పకుండా పెట్టుకోండి. పైన థీమ్ పార్క్ జోలికి పోవద్దు, సింగపూర్ లో యూనివర్సల్ ఉంది కదా, రెండు పార్కులకి డబ్బూ దండగ, ఓపికా దండగ. మధ్యాహ్నం మూడింటికి దిగిపోండి.

కౌలాలంపూర్ లో బ్రిక్‌ఫీల్డ్స్ లో దిగమంటాను, కేఎల్ సెంట్రల్ స్టేషన్ పక్కనే, అక్కడే లిటిల్ ఇండియా, అరిటాకులో సాంబారు, పప్పు, పెరుగు దొరుకుతాయి, ఎయిర్‌పోర్టుకి ట్రైన్ కూడా అక్కణ్ణుంచే అరగంట. హోటల్ బిల్లులో విదేశీయులకి టూరిజం ట్యాక్స్ అని గదికి రాత్రికి 10 రింగిట్లు వేస్తారు, గొడవ పడకండి, అది ప్రభుత్వం పన్నే.

నాలుగో రోజు సింగపూర్ కి. ఇక్కడ హోటల్ ఎక్కడన్నది చాలా ముఖ్యం. లిటిల్ ఇండియా, ఫారర్ పార్క్ చుట్టుపక్కల తీసుకోండి. గదులు చిన్నవి, గదికి ఇద్దరు పెద్దవాళ్లు మించి ఒప్పుకోరు చాలాచోట్ల, కాబట్టి బుకింగ్ లోనే పిల్లల వయసులతో సహా రాయండి. ఆ ఏరియా ఎందుకంటే మెట్రో లైన్లు. నార్త్ ఈస్ట్ లైన్ ఎక్కితే మారకుండా హార్బర్‌ఫ్రంట్, అక్కడ మాల్ లోంచి, యూనివర్సల్ ఉన్న సెంటోసా దీవికి చిన్న ట్రైన్. డౌన్‌టౌన్ లైన్ ఎక్కితే మారకుండా బేఫ్రంట్, అంటే గార్డెన్స్ బై ద బే. స్టేషన్లలో లిఫ్టులు ఉంటాయి. టికెట్ కొనే పని లేదు, కాంటాక్ట్‌లెస్ బ్యాంక్ కార్డ్ ట్యాప్ చేస్తే చాలు, కాకపోతే మనిషికో కార్డ్ కావాలి, మన కార్డ్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేయించుకుని వెళ్లండి. ట్రైన్ లో తినడం, నీళ్లు తాగడం కూడా తప్పే, 500 డాలర్ల దాకా ఫైన్, బాబు చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంటే లోపల పెట్టేయండి. క్యాబ్ బుక్ చేసేటప్పుడు ఇంకోటి, 1.35 మీటర్ల కంటే పొట్టి పిల్లలకి కారులో చైల్డ్ సీట్ ఉండాలి అక్కడి రూల్ ప్రకారం, యాప్ లో వచ్చే ప్రైవేట్ కార్ల వాళ్లు అది లేకపోతే ఎక్కించుకోరు, మామూలు ట్యాక్సీలకి మినహాయింపు ఉంది, రోడ్డు మీద ట్యాక్సీ ఎక్కితే ఆ గొడవ ఉండదు.

ఐదో రోజు ఇంట్లోవాళ్లు రెండు జట్లుగా విడిపోండి. ఇది రాయడానికే నాకు ఈ ఉత్తరం నచ్చింది, ఎందుకంటే ఆరుగురూ ఆరు నిమిషాలు కూడా విడిపోకుండా తిరగాలనుకుంటాం మనం, దానివల్లే పెద్దవాళ్లు "నేను రూమ్ లో ఉంటాలే" అంటారు. వాళ్లకి తిరగడం ఇష్టం లేక కాదు, మీకు అడ్డం అవుతామని. మీవారు, పిల్లలు యూనివర్సల్ కి వెళ్లనివ్వండి. వెళ్లే ముందు, అసలు టికెట్ కొనే ముందే, బాబుని గోడకి నిలబెట్టి ఎత్తు కొలవండి, అక్కడ పెద్ద రైడ్లకి 122, 125 సెంటీమీటర్లు ఉండాలి, ఐదేళ్ల పిల్లాడు అంత ఉండడు, అక్కడికెళ్లాక అక్క ఎక్కి తను ఎక్కకపోతే ఏడుస్తాడు, అందుకని తనకి ఏవేవి కుదురుతాయో ఇంటి దగ్గరే చూపించి చెప్పండి. మీరు అత్తయ్యగారు, మావయ్యగారితో సెరంగూన్ రోడ్ మీద వీరమాకాళి అమ్మవారి గుడి, అదే రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి, అంటే మన వెంకన్నే, దర్శనం చేసుకోండి. కోమల విలాస్ అని 1947 నుంచి ఉన్న వెజ్ హోటల్ అక్కడే, ఇడ్లీ, దోశ, భోజనం, ఆవిడకి నచ్చుతుంది. గుళ్లు మధ్యాహ్నం మూసేస్తారు, కాబట్టి తొమ్మిదిలోపు వెళ్లి, పదకొండున్నరకి తిని, పడుకోండి. ఇలా గడిపితే ఆవిడ ఆ దేశంలో ఒక పూట తన ఇష్టప్రకారం గడిపినట్టవుతుంది, మీకూ కాస్త ఊపిరి. సాయంత్రం అందరూ మెర్‌లయన్ (సింహం తల, చేప ఒళ్లు ఉన్న విగ్రహం) దగ్గర కలుసుకోండి, అది ఉచితం, ఒడ్డున గాలి బాగుంటుంది.

ఆరో రోజు పొద్దున జూ, లోపల తిరగడానికి ట్రామ్ ఉంది, వీల్‌చెయిర్ అద్దెకి ఇస్తారు. నైట్ సఫారీ ఎందుకు వద్దన్నానంటే అది రాత్రి 7:15కి తెరుస్తారు, ఊరికి ఉత్తరాన దూరంగా ఉంది, తిరిగొచ్చేసరికి పదకొండు, బాబు మీ భుజం మీద నిద్ర, మర్నాడు ప్రయాణం. జంతువులు కావాలంటే జూలో పగలే కనపడతాయి. మధ్యాహ్నం తప్పనిసరిగా రూమ్ కి రండి, సింగపూర్ భూమధ్యరేఖకి దగ్గర, ఏడాదంతా ఉక్క, మధ్యాహ్నాలు ఉరుములతో వాన ఒక్కసారి కుమ్మేస్తుంది, గొడుగులు ఉండాలి. ఐదింటికి బయల్దేరి గార్డెన్స్, క్లౌడ్ ఫారెస్ట్ కి టికెట్ కొనండి, లోపల కొండ, జలపాతం, చల్లగా ఉంటుంది, పైకి లిఫ్ట్ లో వెళ్లి మెల్లగా దిగడమే, అత్తయ్యగారికి కుదురుతుంది. బయటికొచ్చాక 7:45 లైట్ షో, ఆ సూపర్ ట్రీల కింద పడుకుని చూడాలి దాన్ని, డబ్బు పెట్టి చూసినవాటికంటే పిల్లలకి అదే గుర్తుండిపోతుంది, మా ఇంట్లో పిల్లలకి అయితే అదే.

ఏడో రోజు ఫ్లైట్ కి నాలుగైదు గంటల ముందే చాంగీ, అంటే సింగపూర్ విమానాశ్రయానికి, వెళ్లిపోండి. అక్కడ జ్యువెల్ అనే మాల్ 2019లో తెరిచారు, గాజు డోమ్ మధ్యలోంచి 40 మీటర్ల జలపాతం పడుతుంది, ఇమిగ్రేషన్ కి ముందే ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్లక ముందే చూసెయ్యాలి.

సామాను విషయంలో కొన్ని చెప్తాను, ఇవి ట్రావెల్స్ వాళ్లు చెప్పరు. సింగపూర్ కి గసగసాలు తీసుకెళ్లకూడదు, మత్తు పదార్థాల చట్టం కింద చూస్తారు, మీరు గసగసాలుగా పట్టుకెళ్లరు గాని ఇంట్లో పట్టించిన మసాలా పొడిలో ఉంటాయి, ఆ డబ్బా ఇంట్లోనే ఉంచండి. ఖైనీ, గుట్కా, నమిలే పొగాకు ఏదైనా నిషేధం, ఈ-సిగరెట్లు కూడా, సిగరెట్లకి ఒక్క పెట్టెకి కూడా డ్యూటీ ఫ్రీ లేదు, మావయ్యగారికి ఏదైనా అలవాటుంటే ముందే చెప్పండి. చూయింగ్ గమ్ 1992 నుంచి నిషేధం, పిల్లల బ్యాగులు వెతకండి. బీపీ, షుగర్ మందులు అసలు స్ట్రిప్పుల్లోనే, డాక్టర్ చీటీతో హ్యాండ్ బ్యాగులో పెట్టండి, నిద్రమాత్రలు, కోడైన్ ఉన్న దగ్గు మందు ఉంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆవకాయ, కందిపొడి, నెయ్యి కొంచెం కొంచెం గట్టిగా సీల్ చేసి చెకిన్ లో పెట్టండి, హ్యాండ్ బ్యాగులో పెడితే ఇక్కడే తీసేస్తారు. ప్లగ్ రెండు దేశాల్లోనూ చదరపు మూడు పిన్నులది, అడాప్టర్లు ఇక్కడే కొనండి.

రెండు దేశాలకీ దిగే ముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్ లో అరైవల్ కార్డ్ నింపాలి, మలేషియాది వేరు, సింగపూర్ ది వేరు, మనిషికొకటి. రెండూ ఉచితం. డబ్బు అడిగే సైట్ అయితే అది ప్రభుత్వానిది కాదు, మూసేయండి. సింగపూర్ కార్డ్ ట్రిప్ మధ్యలో నింపాల్సి వస్తుంది, ఆ పని 13 ఏళ్ల పాపకి అప్పగించండి, మనకంటే వేగంగా చేస్తుంది, మీరు పక్కన కూర్చుని పాస్‌పోర్ట్ నంబర్లు సరిచూడండి. సింగపూర్ వీసా అధీకృత ఏజెంట్ ద్వారా ప్రయాణానికి నెల ముందు వెయ్యండి, ఫీజు 30 సింగపూర్ డాలర్లు, పైన ఏజెంట్ తీసుకునేది వేరు. పెద్దవాళ్లకి ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు బీపీ, షుగర్ దాచకుండా రాయండి, సింగపూర్ ఆస్పత్రి బిల్లు మన ఊహకి అందదు. ప్యాకేజీ కొంటే టీసీఎస్ అని, ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను, కొంత కలుపుతారు, అది రిటర్న్ వేసినప్పుడు మీ ట్యాక్స్ లో సర్దుబాటు అవుతుంది, పాన్ సరిగ్గా ఇచ్చి సర్టిఫికెట్ అడిగి తీసుకోండి.

మీవారికి ఎలా చెప్పాలి అన్నారు. "మీ అమ్మగారికి మోకాళ్లు నొప్పి కాబట్టి తీసేద్దాం" అని మాత్రం అనకండి. అంటే ఆవిడ వల్ల అందరికీ పోయినట్టవుతుంది, ఆవిడ చెవిన పడితే ప్రయాణమే మానేస్తారు. కాగితం మీద గంటలు రాయండి, పైన నేను రాసినట్టే, ఆయన చేతే రాయించండి. తర్వాత ఒక్కొక్కరినీ అడగండి, నీకు తప్పకుండా కావాల్సింది ఒక్కటి చెప్పు అని. పాప యూనివర్సల్ అంటుంది, బాబు కేబుల్ కారో జంతువులో అంటాడు, అత్తయ్యగారు గుడి అంటారు, మావయ్యగారు ఏదైనా పర్లేదంటారు, ఆయన్ని వదలకుండా రెండోసారి అడగండి. ఆ ఆరు కోరికలూ ప్లాన్ లో ఉన్నాయో లేదో చూసుకోండి, మిగతావి ఉంటే ఉన్నాయి లేకపోతే లేవు. మీవారికి కావాల్సింది లంకావియే అయితే, అప్పుడు సింగపూర్ వదిలేసి మలేషియా ఒక్కటే హాయిగా తిరగండి, అదీ మంచి ట్రిప్పే, నేను కాదనను, రెండు దేశాలు, దీవి, ఆరుగురు మనుషులు మాత్రం ఆ మూడు రోజుల్లో పట్టరు.

డేట్లు మే రెండో వారం, మూడో వారం చూడండి, నెలాఖరు దాటితే సింగపూర్ బడులకీ సెలవులు మొదలై యూనివర్సల్ కిటకిటలాడుతుంది. అన్నిటికంటే ముందు, ఈ వారమే, బీరువాలోంచి ఆరు పాస్‌పోర్టులూ తీసి ఎక్స్‌పైరీ చూడండి, ప్రయాణం నాటికి ఆరు నెలలు మిగిలి ఉండాలి. పెద్దవాళ్లవి పదేళ్లు ఉంటాయి గాని పిల్లలవి ఐదేళ్లే, బాబుకి పుట్టినప్పుడు తీసి ఉంటే అది ఈపాటికి అయిపోయి ఉంటుంది, రెన్యూవల్ కి అపాయింట్‌మెంట్ ఇప్పుడే వెయ్యండి, అది చేతికొచ్చాకే టికెట్లు కొనండి.